పొల్లు పక్కన దాగిన మాట

భారత్, భారత్‌. ఈ రెండు మాటల్లో తేడా పట్టుకోండి చూద్దాం. భూతద్దం పెట్టినా దొరకదు. అక్షరాలు అవే, అచ్చు అదే. కంప్యూటరును అడిగితే మాత్రం మొదటిదానిలో అయిదు సంకేతాలున్నాయనీ, రెండోదానిలో ఆరున్నాయనీ చెబుతుంది. ఆ ఆరోది తెరమీద చోటు తీసుకోదు, కాగితం మీద సిరా తీసుకోదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్ పట్టికలో దాని నంబరు 8204. ఇంగ్లీషు ఒక్కటే రాసేవాళ్లకు దీనితో ఎన్నడూ పని పడకపోవచ్చు. మనకు రోజూ పడుతుంది.

తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. అది మన లిపి ధర్మం. కానీ అన్ని చోట్లా అలా మారితే మనకు నచ్చదు. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలనుకుంటే 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. 'భారత్‌లో' అన్నది 'భారత్లో' అవుతుంది. ఇక్కడ కలపవద్దు, పొల్లును పొల్లుగానే ఉంచు అని చెప్పడానికి ఆ రెండింటి మధ్య నాన్‌జాయినర్‌ను పెడతారు. కొన్ని కీబోర్డులు మనం అడక్కుండానే దాన్ని చేరుస్తాయి. పదం చివర పొల్లు ఉంటే అక్కడా చేర్చి వదిలేస్తాయి. అక్కడ దాని అవసరం లేదు, ఉన్నా లేకపోయినా మాట ఒకేలా కనబడుతుంది. మొదటి వాక్యంలో జరిగింది అదే.

ఉన్నా లేకపోయినా ఒకేలా కనబడే చోటు ఏదైనా సరే, రహస్యం దాచడానికి పనికొస్తుంది. గుర్తు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని ఇద్దరు మనుషులు ముందే మాట్లాడుకుంటే చాలు. పొల్లుతో ముగిసే ప్రతి మాటా ఒక బిట్ మోస్తుంది. కుమార్, ప్రసాద్, బస్టాండ్, మార్కెట్, ఫోన్, కలెక్టర్: మన రోజువారీ రాతలో ఇలాంటి మాటలకు కొదవ లేదు. ఏ మాటకు గుర్తుంది, ఏ మాటకు లేదు అన్నది చదివేవాడికి తెలియదు, అడగాలనీ తట్టదు.

దీన్ని స్టెగనోగ్రఫీ అంటారు. ఎన్‌క్రిప్షన్ వేరు, ఇది వేరు. ఎన్‌క్రిప్షన్‌లో సందేశం ఉందని అందరికీ తెలుస్తుంది, అర్థం మాత్రం తాళంచెవి ఉన్నవాడికే తెలుస్తుంది. ఇక్కడ సందేశం ఉందన్న సంగతే తెలియకూడదు. 1983లో గుస్టావస్ సిమన్స్ అనే అమెరికన్ గణితవేత్త దీన్ని ఇద్దరు ఖైదీల సమస్యగా చెప్పారు. వాళ్లు వేరువేరు గదుల్లో ఉన్నారు. ఉత్తరాలు రాసుకోవచ్చు, కానీ ప్రతి ఉత్తరమూ వార్డెన్ చేతిమీదుగానే వెళ్లాలి. అర్థం కాని రాత కనబడితే ఉత్తరాలే ఆపేస్తాడు. కాబట్టి తప్పించుకుపోయే ఆలోచన యోగక్షేమాల ఉత్తరంలోనే ఇమిడిపోవాలి. ఈ రంగంలో ఇప్పటికీ ఏ పద్ధతికైనా పరీక్ష ఇదే: వార్డెన్‌కు అనుమానం వచ్చిందా, లేదా?

ఇప్పుడు 'తిరువూరు' అనే ఊరి పేరును రహస్యంగా పంపాలనుకుందాం. యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులు కేటాయించారు, 3072 నుంచి 3199 వరకు. సున్నా నుంచి లెక్కపెడితే 'త' 36వ గడిలో ఉంది. గుడి 63లో, 'ర' 48లో, కొమ్ము 65లో ఉన్నాయి. 128 గడులంటే ఏడు బిట్లు చాలు. 36ను ఏడు బిట్లలో రాస్తే 0100100. తిరువూరులో మనకు నాలుగే అక్షరాలు కనబడినా కంప్యూటర్ లెక్కకు అవి ఎనిమిది సంకేతాలు: త, గుడి, ర, కొమ్ము, వ, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. ఎనిమిదేళ్లు యాభై ఆరు. అంటే 56 బిట్లు దాచగలిగితే ఊరి పేరు దాటిపోతుంది.

పొల్లు పద్ధతిలో దీనికి పొల్లుతో ముగిసే మాటలు 56 కావాలి, అంటే ఒక పెద్ద ఉత్తరమే రాయాలి. ఇంతకన్నా సులువైన దారి ఉంది. నాన్‌జాయినర్ పక్కనే 8205వ నంబరులో జాయినర్ అనే మరో కనబడని గుర్తు ఉంది. ఒకదాన్ని సున్నాగా, రెండోదాన్ని ఒకటిగా అనుకుని యాభై ఆరింటినీ రెండు మాటల మధ్య ఖాళీలోనో, ఒకే మాటైతే దాని చివరో వరసగా పోసేయొచ్చు. తెరమీద ఏమీ మారదు. 'సరే' అన్న రెండక్షరాల జవాబులో కూడా ఊరి పేరంతా ఇమిడిపోతుంది. ఇంటర్నెట్‌లో ఈ పని చేసిపెట్టే పరికరాలు చాలావరకు ఇలాంటి మార్గాన్నే పట్టుకున్నాయి.

ఈ సులువులోనే దాని బలహీనత ఉంది. కనబడకపోయినా బరువు ఉంటుంది. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు, నాన్‌జాయినరూ మూడు బైట్లే. 'తిరువూరు' అని బయటికే రాస్తే 24 బైట్లు. అదే మాటను దాచి పంపితే ఆ దాపు ఒక్కటే 168 బైట్లు. మామూలు ఎస్సెమ్మెస్‌లో తెలుగు 70 సంకేతాలకు మించి ఒక సందేశంలో పట్టదు. అందులో 56 ఈ దాపుకే పోతాయి. రెండు ముక్కల జవాబుకు ఇంత బరువెందుకని ఎవరైనా చూస్తే పని అయిపోయినట్టే. కర్సర్‌తోనూ బయటపడొచ్చు. బాణం మీట నొక్కుతూ పోతే కొన్ని ఎడిటర్లలో కర్సర్ ఒకే చోట ఆగిపోయినట్టు ఉంటుంది, ఎన్నిసార్లు నొక్కినా కదలదు. అక్కడ ఏదో ఉందన్నమాట.

ఈ కనబడని గుర్తు 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్తలకెక్కింది, అదీ తెలుగు పేరు మీద. ఒక తెలుగు అక్షరం పంపితే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోతున్నాయని పత్రికలు రాశాయి. ఆ అక్షరం 'జ్ఞా' అన్నారు. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అని మనం రోజూ రాసుకునే అక్షరమే అది. ఆ మాటలకు ఏ ఫోనూ ఆగలేదు. ఫోన్‌ను కూల్చిన వరస వేరు: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఒక నాన్‌జాయినర్, దాని తర్వాత దీర్ఘం. తెలుగు రాసేవాడెవడూ ఆ చోట నాన్‌జాయినర్ పెట్టడు, పెట్టాల్సిన పనీ లేదు. పొరపాటున అక్కడ చేరిన ఆ గుర్తును అక్షరాలు కూర్చే ప్రోగ్రాం తట్టుకోలేకపోయింది. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ దీన్ని విడదీసి చూసి, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ ఇలాంటి వరసలే ఫోన్లను కూలుస్తాయని చూపించారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. వార్తల్లో మాత్రం 'తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది' అన్న మాటే మిగిలింది. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంది. తప్పు మన అక్షరానిది కాదు. మన లిపికి అవసరమైన ఒక గుర్తును సరిగా పరీక్షించకుండా అమ్మకానికి పెట్టిన ప్రోగ్రాంది.

తెలుగు రాతలో దాపు చోట్లు ఇంకా ఉన్నాయి. ఐత్వాన్నే తీసుకోండి. 'కై' అని రాయడానికి యూనికోడ్‌లో రెండు దారులున్నాయి. ఐత్వానికి ఒకే సంకేతం వాడొచ్చు, లేదా ఎత్వం రాసి దాని కింద ఐత్వపు తోకను విడిగా చేర్చొచ్చు. రెండూ ఒకేలా కనబడతాయి, ఫైల్లో వేరు. కాకపోతే ఇది ఎక్కువ దూరం పోదు. ఇలాంటి జంటలను ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజేషన్ అనే పద్ధతి యూనికోడ్‌లోనే ఉంది. దానిగుండా పోయిన మరుక్షణం రహస్యం చెరిగిపోతుంది. పొరుగు లిపి మరో చోటు. కన్నడ సున్న, తెలుగు సున్న చూపులకు ఒకటే. పట్టికలో మాత్రం వాటి మధ్య సరిగ్గా 128 గడుల దూరం ఉంది. తెలుగు వాక్యంలో అక్కడక్కడా కన్నడ సున్న పెట్టి బిట్లు మోయించొచ్చు. దొంగ వెబ్‌సైట్లు పెట్టేవాళ్లకు ఈ పోలికలంటే ఇష్టం. అందుకే ఒకే పేరులో రెండు లిపులు కలిస్తే బ్రౌజర్లు అనుమానంగా చూస్తాయి.

ఇవన్నీ కంప్యూటర్ లోపలి దాపులు. తెర దాటితే బతకవు. తిరువూరులో పెళ్లి కార్డో కరపత్రమో వేయించాలంటే వాట్సాప్‌లో వచ్చిన తెలుగు డీటీపీ షాపుకు చేరుతుంది. తెలుగు డీటీపీలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కన్నా ముందు తరంవి, వాటికి ఈ పట్టికతో సంబంధం లేదు. అందుకే వచ్చిన మేటర్‌ను కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి, లేదా మళ్లీ టైపు చేయాలి. ఆ మార్పులో జాయినర్లు, నాన్‌జాయినర్లు రాలిపోతాయి. ఒకవేళ మిగిలినా కాగితం మీదికి ఎక్కవు. స్క్రీన్‌షాట్ తీసినా అంతే, బొమ్మలో కనబడనిది ఉండదు.

అచ్చయినా, ఫొటో తీసినా, చేత్తో ఎత్తిరాసినా చెక్కుచెదరని దాపు ఒకటుంది. దాన్ని తెలుగు మనకు ఎప్పుడో ఇచ్చింది. పెళ్లి అని రాసేవాళ్లున్నారు, పెళ్ళి అని రాసేవాళ్లున్నారు. వెళ్లాడు, వెళ్ళాడు. కళ్లు, కళ్ళు. చేశాడు, చేసాడు. రాయడం, వ్రాయడం. ఇందులో ఏది రాసినా తప్పనేవాళ్లు తక్కువ. ళకింద ల వత్తు ఉంటే సున్నా, ళ వత్తు ఉంటే ఒకటి అనుకుని ఈ కబురు చదవండి:

"పెళ్లి పనుల మీద నూజివీడు వెళ్ళాం. చుట్టాల ఇళ్లు అన్నీ తిరిగేసరికి కాళ్లు లాగేశాయి. మామిడి పళ్ళు పంపుతున్నాం, నీళ్లలో నానబెట్టి తినండి. మళ్లీ మాట్లాడదాం."

పెళ్లి సున్నా, వెళ్ళాం ఒకటి, ఇళ్లు, కాళ్లు రెండు సున్నాలు, పళ్ళు ఒకటి, నీళ్లలో సున్నా, మళ్లీ సున్నా. 0100100. పైన చెప్పిన 36, అంటే 'త'. తిరువూరులో మొదటి సంకేతం దాటిపోయింది. మామిడి కాలంలో ఆ ప్రాంతం నుంచి ఇలాంటి కబురు వెళ్తే ఎవరు మాత్రం ఆగి చూస్తారు? అచ్చువేసినా, స్క్రీన్‌షాట్ తీసినా, కన్వర్టర్‌లో వేసినా ఆ ఏడు బిట్లూ అలాగే ఉంటాయి. పోయేది ఒకే ఒక్కరి చేతిలో: ప్రూఫులు దిద్దే మనిషి. 'ఒకే పేరాలో రెండు రకాలుగా రాశారేమిటి' అని ఆయన అన్నిటినీ ఒకే తీరుకు తెస్తే ఉత్తరం బాగుపడుతుంది, రహస్యం పోతుంది.

ఈ ఆలోచనకు పూర్వికుడు ఫ్రాన్సిస్ బేకన్. 1623లో అచ్చయిన గ్రంథంలో ఆయన ఒక పద్ధతి వివరించాడు. ఒకదానికొకటి కొద్దిగా తేడా ఉన్న రెండు అచ్చుల్లో అక్షరాలు కూర్చి, అయిదేసి అక్షరాల గుంపుతో ఒక రహస్యాక్షరాన్ని పంపొచ్చని చెప్పాడు. పైకి ఏ వాక్యమైనా ఉండొచ్చు, లోపల ఏ సందేశమైనా ఉండొచ్చు. కంప్యూటర్లకు మూడు వందల ఏళ్ల ముందే రెండు గుర్తులతో భాషనంతా రాయొచ్చని చూపించిన పని అది. మన పెళ్లి, పెళ్ళి కూడా బేకన్ రెండు అచ్చుల్లాంటివే. ఆయన పద్ధతికి ఆ రెండు అచ్చులనూ ముందే సిద్ధం చేసుకోవాలి, మనకు వాడుకలోనే దొరికాయి.

ఇలాంటి గుర్తులు దొంగను పట్టడానికీ పనికొచ్చాయి. పాటల సాహిత్యం పెట్టే జీనియస్ అనే అమెరికన్ వెబ్‌సైటుకు తమ రాతను గూగుల్ సెర్చి ఫలితాల్లో ఎత్తిపెడుతున్నారని అనుమానం వచ్చింది. పాటల్లో వచ్చే అపాస్ట్రఫీ గుర్తులను కొన్ని నిటారుగా, కొన్ని వంకరగా పెట్టారు. నిటారువి చుక్కలు, వంకరవి గీతలు అనుకుని మోర్స్ కోడ్‌లో చదివితే 'రెడ్ హ్యాండెడ్' అని వస్తుంది. అవే గుర్తులు అదే వరసలో గూగుల్ తెరమీద కనబడ్డాయని 2019లో ప్రకటించారు. పాటల సాహిత్యం తాము లైసెన్సు తీసుకున్న సంస్థల నుంచే వస్తుందని గూగుల్ చెప్పింది. జీనియస్ అదే ఏడాది చివర కోర్టుకు వెళ్లింది, ఓడిపోయింది. పాటల మీద కాపీరైటు రాసినవాళ్లది, ప్రచురణకర్తలదే తప్ప ఎత్తిరాసిన వెబ్‌సైటుది కాదన్న కారణంతో 2020లో కేసు కొట్టేశారు, 2022లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. దాచిన గుర్తు చూపింది పాఠం ఏ దారిన నడిచిందన్నదే. హక్కు ఎవరిదో చెప్పడం దాని వల్ల అయ్యేది కాదు.

కొన్నేళ్లుగా మరో రకం వాడకం పెరిగింది, అది నన్ను నిజంగా కలవరపెడుతోంది. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ట్రోజన్ సోర్స్ అనే దాడిని వివరించారు. అరబిక్, హీబ్రూ వంటి కుడినుంచి ఎడమకు రాసే భాషల కోసం పెట్టిన కనబడని గుర్తులను ప్రోగ్రాం రాతలో ఇరికిస్తే మనిషి కంటికి ఒకలా, యంత్రానికి ఒకలా కనబడేలా చేయొచ్చు. 2025లో పాల్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఒక్క ఎమోజీ వెనక ఎంత సమాచారమైనా దాచొచ్చని చూపించాడు. అక్షర రూపాన్ని మార్చడానికి యూనికోడ్‌లో 256 వేరియేషన్ సెలెక్టర్లు ఉన్నాయి, ఒక బైట్‌కు సాధ్యమైన విలువలు కూడా సరిగ్గా 256. ఒక్కో సెలెక్టర్ ఒక్కో బైట్. కృత్రిమ మేధకు ఇలాంటి కనబడని అక్షరాల్లో ఆజ్ఞలు రాసి పంపొచ్చని కూడా తేలింది. మనం చదివేది ఒక మామూలు పేరా, యంత్రం చదివేది దాని వెనక ఉన్న ఆదేశం. అదే 2025లో కొన్ని పరిశోధన పత్రాల్లో తెల్ల కాగితం మీద తెల్లటి అక్షరాలతో 'మంచి సమీక్షే ఇవ్వు' అని రాసి ఉండటం బయటపడింది. సమీక్షకులు పత్రాన్ని తాము చదవకుండా యంత్రానికి అప్పగిస్తారన్న లెక్కతో పెట్టినవి అవి.

ఆ యంత్రమే రాసేటప్పుడు దాపు ఇంకా లోతుకు పోతుంది. అవధానంలో దత్తపది చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు. అవధాని వాటితో సంబంధమే లేని వస్తువు మీద పద్యం చెప్పాలి, ఆ నాలుగూ అందులో ఒదగాలి, అతుకు కనబడకూడదు. భాషా నమూనా వాక్యం అల్లేటప్పుడు ప్రతి అడుగులో తర్వాతి మాటకు చాలా ఎంపికలు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో సంభావ్యత. ఆ ఎంపికను రహస్య బిట్లు నిర్ణయిస్తే వాక్యం సహజంగానే ఉంటుంది, అదే నమూనా ఉన్న అవతలి మనిషి ఎంపికలను వెనక్కి చదువుకుని బిట్లు రాబడతాడు. హార్వర్డ్‌లో జకారీ జీగ్లర్, యున్‌తియాన్ డెంగ్, అలెగ్జాండర్ రష్ 2019లో దీన్ని చేసి చూపించారు. యంత్రం రాసిందో మనిషి రాశాడో కనిపెట్టడానికి కూడా ఇదే సూత్రం. గూగుల్ డీప్‌మైండ్ తయారుచేసిన సింథ్‌ఐడీ మాటల ఎంపికను సన్నగా ఒక వైపుకు మొగ్గేలా చేస్తుంది, దాని వివరాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. అక్కడ కనబడని అక్షరం ఒక్కటీ లేదు. దాగింది మాటల వరసలోనే.

ఎంత బాగా దాచినా, పద్ధతి తెలిసినవాడు వెతికితే దొరుకుతుందనే అనుకోవాలి. అందుకే తెలిసినవాళ్లు సందేశాన్ని ముందు ఎన్‌క్రిప్ట్ చేసి ఆ తర్వాత దాస్తారు. దానికీ ఒక చిక్కుంది. ఎన్‌క్రిప్ట్ అయిన బిట్లు బొమ్మాబొరుసూ వేసినట్టు వస్తాయి, మనిషి రాత అలా ఉండదు. ఒక మనిషి పెళ్లి అనే రాస్తే ఎప్పుడూ అలాగే రాస్తాడు. ఈ వ్యాసంలో ఉదాహరణలు వదిలేస్తే ళకింద ల వత్తే వాడాను. ఉన్నట్టుండి నా రాతలో సగం ళ వత్తులు కనబడితే, నా పాత వ్యాసాలు చదివినవాడికి అనుమానం రావాలి. కనిపెట్టే ప్రోగ్రాంలు చేసేది ఈ పోలికే.

మరి తెలుగు సంగతేమిటి? కనబడని గుర్తులు ప్రమాదం అనగానే చాలామంది ఇంజనీర్లు వేసే మొదటి మందు వాటన్నిటినీ తీసేయడం. ఇంగ్లీషుకు దాంతో నష్టం లేదు. తెలుగులో 'సాఫ్ట్‌వేర్', 'భారత్‌లో', 'డీప్‌మైండ్' అన్నీ ఒత్తులు తగిలించుకుని వికారంగా తయారవుతాయి. తీసేయకుండా పట్టించుకోకుండా వదిలేసినా కష్టమే. ప్రసాద్ అనే పేరు ఒక జాబితాలో నాన్‌జాయినర్‌తో, ఇంకో జాబితాలో అది లేకుండా ఉంటే, బైట్లను మాత్రమే పోల్చే ప్రోగ్రాంకు వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. భూమి కాగితాల్లోనో ఓటర్ల జాబితాలోనో వెతికే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఐత్వాన్ని సరిచేసే నార్మలైజేషన్ నాన్‌జాయినర్‌ను ముట్టుకోదు. వెతుకులాటకూ, అకారాది వరసకూ యూనికోడ్ విడిగా ఇచ్చిన నియమాలు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దంటాయి. వాటిని పాటించిన ప్రోగ్రాంకు ఇద్దరు ప్రసాద్‌లూ ఒకరే.

సరైన వడపోత ఎలా ఉండాలో ఇంటర్నెట్ పేర్ల నియమాలు రాసినవాళ్లు 2010లోనే చెప్పారు. మన లిపుల్లో నాన్‌జాయినర్ పొల్లు తర్వాత వస్తే సరే, మరోచోట వస్తే ఒప్పుకోవద్దు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మాటల మధ్య పోసిన యాభై ఆరు గుర్తుల దాపు నిలవదు, ఫోన్లు కూల్చిన జ్ఞా వరసా నిలవదు, 'సాఫ్ట్‌వేర్' మాత్రం క్షేమంగా ఉంటుంది. పదం చివరి పొల్లు పక్కన, ఖాళీకి ముందు ఉన్నదాన్ని కూడా తీసేయొచ్చు, కంటికి ఏమీ మారదు. తెలుగు వాడే ప్రతి యాప్‌లోనూ, ప్రతి ప్రభుత్వ వెబ్‌సైటులోనూ ఇది ఉండాలని నేను కోరుకుంటున్నాను.

పెళ్లి, పెళ్ళి దగ్గర మాత్రం ఏ వడపోతా పనిచేయదు. దాన్ని ఆపాలంటే తెలుగువాళ్లందరిచేతా ఒకే వత్తు రాయించాలి. అది నాకు వద్దు.